చెవి చూడని బేరం

సోమందేపల్లె సంతలో గొర్రెల బేరం నోటితో జరగదు. దళారి తన తువ్వాలును చేతుల మీద కప్పుతాడు. దాని కింద అమ్మేవాడి వేళ్ళు పట్టుకుని ఒక ధర, కొనేవాడి వేళ్ళు పట్టుకుని ఒక ధర నడుస్తుంది. పైకి మాత్రం ముగ్గురూ వాన గురించో, ఎవరింటి వ్యాజ్యం గురించో మాట్లాడుకుంటూ ఉంటారు. పిడికిలి బిగిస్తే చాలదు, ఇంకా పెంచమని అర్థం. అరచెయ్యి తెరిస్తే బేరం కుదిరినట్టు. ధర పైకి అన్నవాణ్ణి చూసి సంత నవ్వుతుంది. సరుకులో రోగం ఉందని పైకి అన్నవాణ్ణి మాత్రం దళారులు మళ్ళీ దగ్గరికి రానివ్వరు.

ఆ సంతలో ఖాసిం సాబ్ నలభై ఏళ్ళు తువ్వాలు కప్పాడు. చదువు లేదు, సెంటు పొలం లేదు. ఉన్నదల్లా ఒక మాట. 'ఖాసిం సాబ్ తువ్వాలు కింద చెయ్యి పెట్టినోడు మోసపోడు' అని గుమ్మఘట్ట నుంచి వచ్చే కన్నడం వాళ్ళు కూడా అనేవాళ్ళు. ఆ మాటే ఆయనకు ఆస్తి. దాని మీదే ఇల్లు కట్టుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, కొంచెం మీసం కూడా మెలేశాడు.

ఈ విద్య ఆయనకు నాయన నేర్పాడు. మొదటి పాఠం చెవి. ఈ సీమలో గొర్రెలున్నవాళ్ళు చాలామంది వాటిని తాము మేపరు, సగపాలుకు ఇస్తారు. గొర్రె ఒకరిది, మేపు ఇంకొకరిది, పుట్టిన పిల్లల్లో చెరిసగం. గొర్రె చస్తే మేపేవాడు దాని తోలు తెచ్చి, చెవికోత గుర్తు చూపించి, చచ్చింది మీదేనని ఒప్పించాలి. ఇందులోనూ దొంగలుంటారు. గుట్టుగా నాలుగు అమ్ముకుని, యజమాని చూడవచ్చిన రోజు పక్కవాడి గొర్రెలను తోలుకొచ్చి "ఇవే మీవి" అని చూపిస్తారు. "మందను చూసి మురిసిపోవద్దురా, చెవి చూడు" అని నాయన మొట్టికాయ వేసి మరీ చెప్పాడు.

ఖాసిం సాబ్ గొర్రెలను తిప్పమ్మ మేపేది. మొగుడు పోయిన మనిషి, గట్టి మనిషి. చచ్చిన గొర్రె తోలు తెచ్చి అరుగు మీద పరిచి, చెవులు రెండూ పైకి పెట్టి, పిలవకుండా నిలబడేది. రెండేళ్ళు ఖాసిం సాబ్ ఆ చెవులు చూశాడు. తర్వాత చూడటం మానేశాడు. ఆమె పాలు గొర్రెపిల్లలను ఆయన సంతలో అమ్మి దుడ్లు తెచ్చిస్తే ఆమె కూడా లెక్కబెట్టడం మానేసింది. పన్నెండేళ్ళు అలా గడిచాయి. ఒకరు చూపించడం, ఇంకొకరు చూడకపోవడం, వాళ్ళిద్దరికీ మర్యాద అయిపోయింది.

పంతొమ్మిది వందల యాభై ఏడులో వానలు మొగం చాటేశాయి. గుట్టల మీద గడ్డి పోయింది, బోదపొదలు పోయాయి, చివరికి గొర్రెలు గోడల సున్నం నాకడం మొదలుపెట్టాయి. మందలో చాలావరకు అయినకాడికి తెగనమ్మారు. ఖాసిం సాబ్ ఇంటి వెనక దొడ్లో ఏడు గొర్రెలు మాత్రం మిగుల్చుకుని వేపాకు, చింతాకు మేపి బతికించుకున్నాడు. తిప్పమ్మకు ఒక్కటీ మిగల్లేదు. తన పాలు నూరు రూపాయలు కొంగున కట్టుకుని వచ్చింది.

"అన్నా, ఇవి నీ కాడ పెట్టు. నా కాడుంటే జొన్నలకే అయిపోతాయి. వాన పడి గడ్డి లేసినప్పుడు ఇయ్యి, గొర్రెలు కొనుక్కుంటా. గొర్రె లేకుంటే నేను కూలికి పోవాల. ఈ వయసులో నన్ను కూలికి ఎవురు పిలుస్తారప్పా?"

ఆ రోజుల్లోనే వెంకటేశులు అని తెల్ల ప్యాంటు కుర్రవాడొకడు ఊళ్ళోకి దిగాడు. హిందూపురంలో శనక్కాయల నూనె మిల్లు పెడుతున్నారట, దీపం గుర్తు మిల్లు. దానికి షేర్లు అమ్ముతున్నాడు. ఒక్కోటి పది రూపాయలు. టీ అంగడి బెంచీ మీద కూర్చుని చెప్పిందే చెబుతుంటే ఎవరికీ అర్థం కాలేదు. ఖాసిం సాబ్‌కు మాత్రం చప్పున అర్థమైంది. అక్కడే వచ్చింది తంటా.

"అంటే మిల్లు గొర్రె. మేము సొంతదార్లం. మీరు మేపేవోళ్ళు. అంతేనా?" అన్నాడు.

"అంతే సాబ్!" వెంకటేశులు ఎగిరి గంతేశాడు. "ఏడాదికోసారి పిల్లలు పంచుతాం."

"గొర్రె చస్తే?"

"అందరికీ నష్టమే. మాకూ, మీకూ."

ఖాసిం సాబ్ మసీదు దగ్గరి పెద్దమనిషి బుడేన్ సాబ్‌ను అడిగాడు. ఆయన గడ్డం నిమురుకుని, "వడ్డీ అయితే హరాం. లాభంలోనూ నష్టంలోనూ పాలుంటే తప్పు లేదప్పా" అన్నాడు. దాంతో ఖాసిం సాబ్ తన దుడ్లతో ముప్పై షేర్లు, తిప్పమ్మను అడిగి ఆమె దుడ్లతో పది షేర్లు తీసుకున్నాడు. ఆమె కాగితం కూడా ఈయన ట్రంకులోనే. పాలు బేరంలో అడగాల్సినవన్నీ అడిగాననుకున్నాడు. నా గొర్రె నాకు కావాలంటే ఎవరు తోలిస్తారు అన్నది మాత్రం అడగలేదు. గొర్రెల్లో అదొక ప్రశ్నే కాదు. దొడ్డికి పోయి తాడు కట్టి తెచ్చుకోవడమే.

మొదటి ఏడు మనియార్డరు వచ్చింది. రెండో ఏడు అంతకన్నా ఎక్కువ వచ్చింది. తిప్పమ్మ పాలు తిప్పమ్మకు చేరింది. పది రూపాయల షేరు హిందూపురంలో పన్నెండుకు అడుగుతున్నారని తెలిసేసరికి ఖాసిం సాబ్‌కు కొమ్ములు మొలిచాయి. గొర్రెల పళ్ళు చూసి బతికే మనిషి టీ అంగట్లో కాలు మీద కాలేసుకుని షేర్ల విద్య చెప్పసాగాడు. "రేటు పెరిగిందని ఎగరగూడదు, తగ్గిందని ఏడ్వగూడదు. పట్టుకోని ఉండాల" అనేవాడు. కొత్తగా ఈత నేర్చినవాడే పదిమందిని నీళ్ళలోకి లాగుతాడు.

అది నోరు తెరుచుకుని విన్నవాళ్ళలో బండలు కొట్టే ఓబులేసు ఒకడు. ప్రభుత్వం రోడ్డుకు కంకర కొట్టి కొట్టి కాస్త కూడబెట్టాడు. అరచేతులు కాయలు కాచి చెక్కలైపోయాయి. "సాబూ, నువ్వు ఎప్పుడైనా అమ్మితే నాకే అమ్మాల. వేరే కాగితం నేను నమ్మను, నీ కాగితమైతేనే" అని కలిసినప్పుడల్లా అడిగేవాడు.

మూడో ఏడు మనియార్డరు రాలేదు. మిల్లు పని బాగాలేదని హిందూపురం సంతకు పోయివచ్చినవాళ్ళు అన్నారు. ఖాసిం సాబ్ కొట్టిపారేశాడు. అరవై ఒకటిలో ముంగారు వాన కుమ్మరించింది. నాలుగేళ్ళ దాహం ఒక్క వారంలో తీరినట్టు గుట్టలు పచ్చబడ్డాయి. తిప్పమ్మ పరుగున వచ్చింది. ఆమె మొహం అంత తేటగా ఉండటం ఖాసిం సాబ్ చాలాకాలంగా చూడలేదు.

"అన్నా, గడ్డి లేసింది! ఈ సంతలోనే కొనాల. వచ్చే సంతకు రేటు ఆకాశానికి పోతాది. నా దుడ్లు తీసియ్యి."

"సంత పొద్దున రా. నీ చేతిలో పెడతా" అన్నాడు ఖాసిం సాబ్.

సంత రేపనగా బస్సెక్కి హిందూపురం పోయాడు. మిల్లు ఆఫీసులో ఇప్పుడు వెంకటేశులే మేనేజరు. లేచి నిలబడి, "రండి సాబ్, రండి" అని కుర్చీ చూపించాడు. ఖాసిం సాబ్ జీవితంలో ఏ ఆఫీసులోనూ కుర్చీలో కూర్చోలేదు. తువ్వాలుతో కుర్చీ తుడవబోతే వెంకటేశులు చెయ్యి పట్టుకుని ఆపి, తానే కూర్చోబెట్టాడు. గాజు గ్లాసులో కాఫీ వచ్చింది. గోడ మీద పటాల్లోని పెద్దమనుషులందరూ తనవైపే చూస్తున్నట్టు అనిపించి ఖాసిం సాబ్ నడుం నిటారు చేశాడు.

దుడ్లు వెనక్కి ఇమ్మన్నాడు. వెంకటేశులు మెత్తగా నవ్వాడు.

"కంపెనీ వెనక్కి తీసుకోదు సాబ్. అది షేర్ల పద్ధతి కాదు. కొనేవాణ్ణి మీరే చూసుకోవల్ల. వాడు దుడ్లిస్తాడు, మేము పేరు మారుస్తాం."

ఖాసిం సాబ్‌కు వెంటనే ఓబులేసు గుర్తొచ్చాడు. కొనేవాడు ఉన్నాడు. "మిల్లు బాగుండాది కదా?" అన్నాడు, అడగాలి కాబట్టి.

"కళ్ళారా చూడండి" అని గోదాము తలుపులు బార్లా తీయించాడు వెంకటేశులు. శనక్కాయల మూటలు నేల నుంచి రేకుల దాకా పేర్చి ఉన్నాయి. వాసన గుప్పుమంది. గానుగ మిషన్లు మాత్రం కదలడం లేదు. అడిగితే, మనుషులు పండక్కి పోయారన్నాడు. ఖాసిం సాబ్ ఆ మూటల కొండను చూసి మురిసిపోయాడు. సలాం చేసి, మరో సలాం చేసి, బయటపడ్డాడు.

బస్టాండు దగ్గర చెట్టు నీడన శనక్కాయల బండి ఆగి ఉంది. కదిరప్ప అని తెలిసినవాడే, బాడుగ బండి తోలుతాడు. ఎద్దులకు నీళ్ళు పెడుతున్నాడు. మూటల మీద నల్లరంగు ఏనుగు బొమ్మ వేసి ఉంది.

"యాడికప్పా ఇవి?"

"ఆ దీపం మిల్లు గోదాముకే అన్నా. రాయదుర్గం సెట్టి సరుకు. మిల్లు ఆడక ఏడాదాయ. గోదాము బాడుగకిచ్చినారు. మిషన్లు గూడా తాకట్టులో ఉండాయంట."

ఖాసిం సాబ్ మూటల మీది ఏనుగు బొమ్మను మళ్ళీ చూశాడు. మొదటి ఏడు మిల్లు చూడవచ్చినప్పుడు ప్రతి మూట మీదా దీపం గుర్తు ఉంది. తన షేరు కాగితం మీదా అదే దీపం. ఇందాక గోదాములో ఏముంది? కళ్ళు మూసుకుని చూశాడు. వరస వెంబడి వరస, ఏనుగులే. కళ్ళ ముందే ఉన్నాయి, తాను చూడలేదు. పక్కవాడి మందను తోలుకొచ్చి "ఇవే మీవి" అన్నారు. నలభై ఏళ్ళు చెవులు చూసి బతికిన మనిషి, ఒక కుర్చీకీ ఒక గ్లాసు కాఫీకీ చెవి చూడటం మరిచిపోయాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా?

ఇంటికొచ్చి భార్య మెహరున్నీసాతో చెప్పాడు. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"మనది పోతే పోయింది" అంది. "తిప్పమ్మది పోగూడదు. ఓబులేసు కొంటానంటాండాడు కదా. ఆ పది వానికిచ్చేయి."

"తెలిసి ఇయ్యాలనా?"

"మనకు అంటగట్టినోడు తెలియక అంటగట్టినాడా?" అని గట్టిగా అని, వెంటనే కొంగుతో మొహం తుడుచుకుంది. "నేనేం చెప్పేది. ఆయమ్మ ముసలితనంలో కూలికి పోతే నేను చూడలేను."

ఖాసిం సాబ్ కూడా చూడలేడు. అదే ఆయన బాధ. ఓబులేసు గట్టివాడు, మళ్ళీ బండలు కొట్టుకుంటాడు, మళ్ళీ సంపాదిస్తాడు అని మనసు ఒకవైపు లాగింది. వాడి కాయలు కాచిన చేతులు ఇంకోవైపు లాగాయి. తెల్లారేసరికి కూడా ఏదీ తేల్చుకోలేదు. కాగితాలు బనీను జేబులో పెట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని సంతకు నడిచాడు.

తిప్పమ్మ అప్పటికే వచ్చి ఉంది. సంత అంతా తిరిగి ఈనే ఈడున్న అయిదు గొర్రెలను ఏరుకుంది. వాటిలో ఒక నల్లమూతి దాని నడుం మీద చెయ్యేసి నిలబడింది, వేరే ఎవరైనా అడుగుతారేమోనని. "చూడన్నా, ఇది కడుపుతో ఉండాది. పల్చగుండాది కానీ జాతి మంచిది" అంది. ఖాసిం సాబ్ "ఊఁ" అన్నాడు. చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు.

తిప్పమ్మ దుడ్ల కోసం సాబ్ కాగితాలు అమ్ముతాడని ఊళ్ళో విని ఓబులేసు తానే వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. దుడ్లు గుడ్డసంచిలో కట్టి పొట్టకు అదుముకున్నాడు. పక్కన నలుగురైదుగురు మూగారు. అమ్మేది ఖాసిం సాబ్, సరుకు కాగితం. సంతకు ఇది కొత్త వింత. అలవాటు కొద్దీ తువ్వాలు తీసి చేతుల మీద కప్పాడు. ఓబులేసు చెయ్యి లోపలికి వచ్చింది, గరుకు రాయిలాగా.

"వాన బాగా పడింది కదప్పా" అన్నాడు ఖాసిం సాబ్ పైకి.

"పడింది సాబూ" అంటూ ఓబులేసు వేళ్ళు నొక్కాడు. షేరుకు పది.

అరచెయ్యి తెరిస్తే చాలు. తిప్పమ్మ గొర్రెలు ఇంటికి పోతాయి. ఖాసిం సాబ్ చెయ్యి తెరుచుకోలేదు. పిడికిలి బిగుసుకుంది. వద్దురా అని చెప్పాలని ఆయన ఉద్దేశం. తువ్వాలు కింద పిడికిలికి ఆ అర్థం లేదు. సాబ్ చాలదన్నాడనుకుని ఓబులేసు పదకొండు నొక్కాడు.

ఖాసిం సాబ్ పిడికిలి ఇంకా గట్టిగా బిగించాడు. ఓబులేసు ఒక్క క్షణం ఆలోచించి పన్నెండు నొక్కాడు. కళ్ళలో భయం, దానితోపాటు ఆశ. ఎక్కడ జారిపోతుందోనని ఈసారి వేళ్ళు వదల్లేదు. అటు పక్క తిప్పమ్మ నల్లమూతి గొర్రె మెడకు తాడు కట్టడం మొదలుపెట్టింది.

పిడికిలితో చెప్పే దారి లేదు. వేళ్ళలో రోగానికి గుర్తు లేదు. నోటితోనే చెప్పాలి. నోటితో చెబితే తిప్పమ్మకు వినబడుతుంది. ఖాసిం సాబ్ తువ్వాలును ఒక్క లాగు లాగి కింద పడేశాడు.

"వద్దు ఓబులేసా! ఇది సచ్చిన గొర్రె. మిల్లు ఆడక ఏడాదాయ. ఈ కాగితాలు పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరావు."

ఒక దళారి "ఏమప్పా, పిచ్చి పట్టిందా?" అని గొణిగాడు. ఓబులేసు సంచిని మళ్ళీ పొట్టకు అదుముకున్నాడు.

"మొదట పదికే చెయ్యి తెరిసింటే నా బతుకేమయ్యేది సాబూ? నీ తువ్వాలని నమ్మి వస్తినే" అని, వెనక్కి తిరిగి జనంలో కలిసిపోయాడు.

తిప్పమ్మ తాడు వదిలేసింది. నల్లమూతి గొర్రె యజమాని దాన్ని తనవైపు లాక్కున్నాడు. ఆమె నెమ్మదిగా నడిచి వచ్చి ఖాసిం సాబ్ ఎదురుగా నిలబడింది.

"నీకెప్పుడు తెలిసె?"

"నిన్న మాపటికి."

"దుడ్లు పోతే పోయినాయి. కరువులో పోలేదా నాకు? నేను ఒక్కోదాన్నీ ఏరుకుంటాంటే, పక్కన నిలబడి ఊఁ అంటివే. ఆ ఊఁ ఎందుకన్నా?"

ఎందుకో ఆమెకూ తెలుసు, చుట్టూ ఉన్నవాళ్ళకూ తెలుసు. ఖాసిం సాబ్ సిగ్గుతో వంగి తువ్వాలు తీసుకుని, దుమ్ము దులిపి, ఆమె చెయ్యి మీద కప్పబోయాడు. ధర అన్నది నలుగురిలో అనే మాట కాదు, ఆయనకు తెలిసిన మర్యాద అదొక్కటే.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "గుడ్డ తీయి. నోటితో చెప్పు. అందరికీ వినబడల్ల."

"నా దొడ్లో ఏడు గొర్రెలుండాయి" అన్నాడు ఖాసిం సాబ్. జనం వైపు తిరిగాడు. మళ్ళీ గట్టిగా అన్నాడు. "ఏడూ నీవి. పాలు లేదు, ఏమీ లేదు. నీవే."

"నడువు" అంది తిప్పమ్మ.

ఇద్దరూ ఒకరి వెనక ఒకరు ఇంటికి నడిచారు. మెహరున్నీసా గుమ్మంలోంచి చూసి, విషయం అడక్కుండానే పక్కకు తప్పుకుంది. తిప్పమ్మ దొడ్డి తడిక తీసింది. పన్నెండేళ్ళు తన చేతుల మీద పెరిగిన జాతి అది. ఆ గొర్రెల తల్లులకు ఆమే పురుడు పోసింది. ఖాసిం సాబ్ తడిక పట్టుకుని, ఆమె తోలుకుపోతుందని ఎదురుచూశాడు.

ఆమె తోలలేదు. కొంగు నడుముకు దోపి, మొదటి దాన్ని చూపించి, "తల పట్టుకో" అంది.

ఖాసిం సాబ్ పట్టుకున్నాడు. తిప్పమ్మ పళ్ళు చూసింది, గిట్టలు ఎత్తి చూసింది. తర్వాత చెవి పైకెత్తి, వెలుతురుకు తిప్పి, ఖాసిం సాబ్ కోత గుర్తును వేలితో తడిమి చూసింది. పక్కకు నెట్టి రెండోది పట్టుకోమంది. ఆయన ఒక్కొక్కటే పట్టుకుంటూ పోయాడు. ఏడో దాని చెవి కూడా ఆమె ఎత్తి చూసింది.